కడిగి కడిగి పగిలిన చేతులు

సహోదరులారా, సహోదరీలారా, కరోనా పోయిందని ఊరంతా మాస్కులు తీసి పారేసిన తరువాత కూడా కొన్నేళ్ళపాటు నా బిడ్డ నన్ను ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పొయ్యి మీద వండిన సంగటి తిన్నాం, కానీ ఆ పిల్లకు జడ వేసే భాగ్యం కూడా నాకు లేకపోయింది. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడనిచ్చేది కాదు, తానే థర్మామీటరు పెట్టుకుని, చూసి, దూరం నుంచి నాకు అంకె చెప్పేది. ఇక్కడ తల్లులు ఉన్నారు కదా, మీరే ఆలోచించండి, అది ఎట్లాంటి బతుకో!

"సాక్ష్యం చెప్పు రత్నమ్మా, కాకపోతే జల్దీ ముగించాల" అని పాస్టరు అయ్యగారు నన్ను ముందే హెచ్చరించారు. పాటలు పాడినవాళ్ళకు ఈ మాట ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నేను అలసిపోయిన మనిషిని, తొందరగా చెప్పడం నాకు చేతకాదు, కాస్త ఓర్చుకోండి. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. కొందరి సాక్ష్యాలలో శుక్రవారం జబ్బు వస్తే ఆదివారానికల్లా నయమైపోతుంది. దేవుడు అట్లా కూడా చేయగలడు, నేను కాదనను. మా ఇంట్లో మాత్రం ఆయన నెమ్మదిగా పని చేశాడు, చాలా నెమ్మదిగా, ఒక్కోసారి అసలు పనిలోకి వచ్చాడో లేదో అని కూడా నాకు అనుమానం వచ్చింది. ఆయన ముందరే ఈ మాట అంటున్నాను, ఆయనకు ఇది కొత్తేమీ కాదు, అప్పుడూ అన్నాను.

నా పుట్టిల్లు ఈ పెనుకొండే. మా అమ్మ మరియమ్మ ఈ సంఘంలోనే పెరిగింది, ఈ సంఘంలోనే ముసలిదైంది. నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా పోయాను. ఇష్టపడి చేసుకున్నాం కాబట్టి రెండిళ్ళవాళ్ళూ కొన్నాళ్ళు మొహాలు మాడ్చుకుని తిరిగారు, తరువాత కూతురు పుట్టేసరికి అందరూ మెత్తబడ్డారు. రెండిళ్ళలోనూ కీర్తనలు పాడుకుంటారు కదా అని బిడ్డకు కీర్తన అని పేరు పెడితే ఎవరూ పేచీ పెట్టలేదు. మా ఇంటాయన నాగరాజు మన విశ్వాసి కాదు, ఇప్పుడు కూడా మందిరం గేటు బయట బైకు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే, "మీ దేవునికి నా మీద కోపమేమీ లేదులే, ఈడ గాలి బాగుండాది" అంటాడు. మైకు శబ్దం మాత్రం బయటికి బాగానే వినిపిస్తుంది, అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కరోనా వచ్చినప్పుడు మా మగ్గం ఆగిపోయింది. పెళ్ళిళ్ళు లేకపోతే పట్టుచీరలు ఎవరికి కావాలి? ఎప్పుడూ టకటకమని మోగే వీధి మూగబోయింది. బడులు మూసేశారు. పిల్లలు ఇండ్లలో పడ్డారు. ఇంటికి ఒక ఫోను, ఆ ఫోనులో క్లాసు, ఆ క్లాసు సగంలో సిగ్నలు పోతే పిల్లలు మిద్దె మీదికి పరుగెత్తేవాళ్ళు. ఎవరికి ఫోను చేసినా ముందు దగ్గు వినిపించేది, గుర్తుందా, ఆ తరువాత ఒకామె దూరం పాటించండి, చేతులు కడుక్కోండి అని చెప్పేది. పెద్దవాళ్ళం మనం ఆ మాటలు ఒక చెవితో విని వదిలేశాం. పిల్లలు వదిలేయలేదు, సహోదరులారా! మా పక్కింటి పిల్లవాడు ఆ ఫోనుకు అతుక్కుపోయి ఇప్పటికీ ఊడి రాలేదు. ఎదురింటి అమ్మాయి బడి తెరిచినా పోలేదు, మగ్గం పని నేర్చుకున్న తరువాత పలకా పుస్తకం ఎందుకన్నారు. కరోనాలో పోయిన పెద్దల గురించి అందరూ మాట్లాడారు. పిల్లల లోపల ఏం పోయిందో అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది, నాకూ లేకపోయింది.

మా అత్త లక్ష్మమ్మ మంచి మనిషి. కీర్తనకు అవ్వ అంటే ప్రాణం. సాయంత్రమైతే గడప దగ్గర అవ్వను కూర్చోబెట్టి, ఆ తెల్లటి జుట్టుకు నూనె రాసి దువ్వి ముడి వేయడం ఈ పిల్ల పని. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, "ముసలోళ్ళను ముట్టుకోవద్దండి, పిల్లల నుంచే పెద్దోళ్ళకు అంటుతాది" అని వార్డులో అందరూ చెప్పుకుంటుంటే మేమూ పిల్లకు చెప్పాం. అవ్వ మాత్రం వినలేదు. "నా మనవరాలు దువ్వకపోతే నాకు నిద్ర పట్టదు పోండి" అని ఆమే తల వంచి కూర్చునేది. ఒకనాడు అత్తకు జ్వరం వచ్చింది, తరువాత ఆయాసం వచ్చింది, ఆసుపత్రికి తీసుకుపోయారు, ఆమె మళ్ళీ గడప దాటి లోపలికి రాలేదు. మూట కట్టి ఆసుపత్రి నుంచే తీసుకుపోయారు. మా ఇంటాయన దూరం నుంచి చూశాడు. నేను చూడలేదు. బిడ్డ అసలే చూడలేదు. అంత పెద్ద మనిషి ఆటో ఎక్కి పోయింది, పోయింది, అంతే! ఆ పిల్లకు మేము ఏమని చెప్పామో కూడా నాకు ఇప్పుడు గుర్తు లేదు. ఏడ్చే వాళ్ళు కూడా మాస్కు పెట్టుకుని వీధి అవతల నిలబడి ఏడ్చిన రోజులు అవి.

ఆ తరువాతే కీర్తన చేతులు కడగడం మొదలుపెట్టింది. మొదట్లో మేము మెచ్చుకున్నాం. ఊరంతా చేతులు కడగమంటుంటే, కడిగే బిడ్డను ఏ తల్లి వద్దంటుంది? వీధిలో వాళ్ళు తమ పిల్లలకు మా కీర్తనను చూపించి బుద్ధి చెప్పేవాళ్ళు. ఫోను క్లాసులో టీచరు కూడా శభాష్ అంది. తొట్టి దగ్గర నిలబడి ఒళ్ళు రుద్దుకునే సబ్బుతో ఒకసారి, తృప్తి లేక బట్టల సబ్బుతో ఇంకోసారి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా కడిగేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి కడిగేది. అన్నం చల్లారిపోయేది, పిల్ల తొట్టి దగ్గర నుంచి వచ్చేది కాదు. చేతులు ఎర్రబడ్డాయి, పొట్టు లేచాయి, తరువాత వేళ్ళ మీద చీలికలు వచ్చి నెత్తురు కారడం మొదలైంది.

ఇప్పుడు వినండి, ఇది పట్టు నేసే ఇంట్లోనే జరుగుతుంది, వేరే ఇంట్లో జరగదు. పట్టు పోగు పిల్ల జుట్టు కన్నా సన్నం. నేసేవాళ్ళ చేతులు గరుకుగా ఉంటే పోగు తగులుకుని లేచిపోతుంది, చీర మీద నూగు నిలబడుతుంది, షావుకారు ఆ చీర తీసుకోడు. మళ్ళీ పని మొదలైనాక కీర్తన ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చుని పట్టు పోగును కండెలకు చుట్టింది. పగిలిన వేళ్ళకు పోగు చిక్కుకుని తెగింది, మళ్ళీ తెగింది. మా ఇంటాయన చూశాడు. బిడ్డ చేతుల మీద ఆయనకు జాలి కలిగింది, కొబ్బరి నూనె తెచ్చి తానే రాశాడు. నూనె చేతులతో పట్టు ముట్టుకుంటే మరక పడుతుంది, అది పోదు. అందుకని, "పాపా, నీ చేతులు బాగయ్యేదాకా మగ్గం దిక్కు రాకుమ్మా, దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో నేను విన్నాను. ప్రేమతో అన్నాడు. ఆ ఇంట్లో ఏ తండ్రయినా అదే అంటాడు, తరతరాలుగా అదే అన్నారు.

కానీ ఆ బిడ్డ విన్నది వేరే మాట. తన చేతులు తగిలిందల్లా పాడవుతుందని అది ముందే లోపల అనుకుంటూ ఉంది, ఇప్పుడు నాయన కూడా అదే చెప్పాడు! ఆ రోజు నుంచి మగ్గాన్నే కాదు, ఎవరినీ ముట్టుకోలేదు. స్పూనుతో తినడం నేర్చుకుంది. తలుపును మోచేత్తో తోసేది. జడ నేను వేస్తానంటే గోడకు అతుక్కుపోయేది, చివరకు తానే కత్తెర తీసుకుని జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. బడులు తెరిచారు, చివరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆడుకునే పిల్లలు చెయ్యి పట్టుకోబోతే ఏడ్చిందని, ఈ పిల్లకు పొగరని వాళ్ళు పిలవడం మానేశారు. బరువు తగ్గింది, నిద్ర తగ్గింది, మాట తగ్గింది. అడిగితే ఏమీ లేదు అనేది. ఎందుకమ్మా అని బతిమాలినా, కసిరినా, ఏమీ లేదు అనేది.

ప్రార్థన చేయలేదా అంటారేమో, చేశాను. ఉపవాసం ఉన్నాను. ధర్మవరంలో ప్రార్థన కూటాలకు తీసుకుపోయాను. ఒకచోట బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు, ఆయన పేరు చెప్పను, మంచి మనసుతోనే చేసి ఉంటాడు, పిల్ల తల గట్టిగా పట్టుకుని దయ్యాన్ని పొమ్మని కేకలు పెట్టాడు. బిడ్డ అరుస్తూ బయటికి పరుగెత్తి, కుళాయి కింద తల పెట్టి అంతమంది ముందర తల కడుక్కుంది. నేను తడిసిన ఆ పిల్లకు టవలు అందించాను, చేతికి కాదు, గోడ మీద పెట్టి పక్కకు జరిగితే తీసుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చి నేను దేవునితో ఏమన్నానో చెబుతాను, దాచను. "ప్రభువా, నాకు చాతకాదు. అడిగి అడిగి నోరు ఎండిపోయింది. నువ్వు చేస్తే చెయ్, లేకుంటే మానుకో, నేనింక అడగను" అన్నాను. అని, నిజంగానే అడగడం మానేశాను. కొన్నాళ్ళు బైబిలు కూడా తెరవలేదు. నేను అడగని ఆ రోజుల్లోనే ఆయన పని మొదలుపెట్టాడని నాకు చాలా తరువాత అర్థమైంది.

మా అన్న హిందూపురంలో ఉంటాడు. ఏదో పని మీద ధర్మవరం వచ్చి, మేనకోడలి చేతులు చూసి వాకిట్లోనే నిలబడిపోయాడు. "ఏమప్పా నాగరాజూ, ఏమివి చేతులా, కాల్చినట్లుండాయి! దుడ్ల సంగతి నాకిడ్సండి, రేపే హిందూపురానికి పిల్చుకోని రండి" అని, ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడు. చర్మం డాక్టరు దగ్గరికి అనుకుని పోయాం. ఆయన చేతులు చూసి, పిల్లను రెండు మాటలు అడిగి, ఇది నా దగ్గర నయమయ్యేది కాదమ్మా అని పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె చిన్న వయసు మనిషి, కన్నడం కలిసిన తెలుగు. "ఇది పిచ్చి కాదు, దయ్యం కాదు, మొండితనం కాదు, జబ్బు. ఏదో భయం లోపల ఉండాది, కడిగితే కొంచెం సేపు తగ్గుతాది, మళ్ళీ వస్తాది. కరోనా అయినాక ఇట్లాంటి పిల్లలు వస్తానే ఉండారు. బాగవుతాది, కానీ టైము పడతాది, బలవంతంగా ముట్టుకోవద్దండి" అంది. ఆ మాట విని మా ఇంటాయన ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాడు. ఇన్నాళ్ళూ మా పిల్లకు పేరు లేని పీడ ఏదో పట్టిందనుకున్నాం. జబ్బు అని ఒక మనిషి చెప్పడమే మాకు సగం విడుదల. విశ్వాసం ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి పోకూడదని మీలో ఎవరైనా అనుకుంటుంటే దయచేసి ఆ మాట ఇక్కడే వదిలేసి ఇంటికి పోండి. ఆ డాక్టరమ్మను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు?

మాత్రలు మొదలయ్యాయి. బస్సెక్కి హిందూపురం పోవడం, రావడం, ఎండలో, వానలో. పొట్టు లేవడం కాస్త తగ్గింది. కానీ ముట్టుకోవడం దగ్గర మాత్రం పిల్ల ఒక్క అడుగు కదలలేదు. లోపల ఉన్న ఆ భయం ఏమిటో డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

అప్పుడు మా అమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు, మంచం మీద పడింది. చూసుకోవడానికి నేను, సెలవులు కాబట్టి నాతో కీర్తన, పెనుకొండకు వచ్చాం. మన సంఘంలో ఉన్న అలవాటు మీకు కొత్త కాదు, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంటి ప్రార్థనకు పోతే, రోగి తల మీద ముందుగా చెయ్యి పెట్టేది అయ్యగారు కాదు, ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు. వాళ్ళు చిన్న ప్రార్థన చేసిన తరువాతే పెద్దలు చేస్తారు. కరోనాలో ఆ అలవాటు ఆగిపోయింది, మళ్ళీ అప్పుడప్పుడే మొదలవుతోంది. అయ్యగారు, నలుగురైదుగురు సంఘం అక్కలు మా అమ్మ మంచం చుట్టూ కూర్చున్నారు. "అమ్మా, ఈసారికి పాపను వదిలెయ్" అని చెవిలో చెప్పాను. మా అమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి, వినాలనుకున్నప్పుడు.

"యాడుండాది నా మనవరాలు? రామ్మే, వచ్చి చెయ్యి పెట్టు" అంది.

తలుపు దగ్గర నిలబడిన కీర్తన కదలలేదు. మా అమ్మ మళ్ళీ పిలిచింది. అందరూ చూస్తున్నారు. అప్పుడు ఆ పిల్ల నోట్లో నుంచి, ఇన్నేళ్ళూ అమ్మకు, నాయనకు, డాక్టరుకు చెప్పని మాట బయటికి వచ్చింది. "నేను పెట్టను అవ్వా. నేను ముట్టుకుంటే నువ్వు సచ్చిపోతావు. ఆ అవ్వ నా వల్లే పాయె. ఆ పొద్దు నేను మీకెవరికీ చెప్పకుండా ఎదురింట్లో ఆడుకోని వచ్చినా. వచ్చి చేతులు కడక్కుండా అవ్వకు తల దువ్వినా" అంది.

సహోదరులారా, తొమ్మిదేళ్ళ బిడ్డ, ఒక పూట ఆడుకున్నందుకు, ఒక ముసలమ్మకు తల దువ్వినందుకు, నేను హంతకురాలిని అనుకుంటూ ఇన్నేళ్ళు మా మధ్య తిరిగింది! జబ్బు ఎవరి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? మా ఇంటాయన రేషనుకు పోయాడు, నేను పాలకు పోయాను, పక్కింటివాళ్ళు వచ్చారు పోయారు. గాలిలో ఉన్నదానికి ఒక పిల్ల చేతులను జవాబు అడుగుతామా? ఈ మాటలన్నీ చెప్పాలని నేను ఒక అడుగు ముందుకు వేశాను, మా అమ్మ నాకన్నా ముందే అందుకుంది.

మా అమ్మ ఆ తుంటి నొప్పితోనే కొంచెం పైకి లేచింది. "సచ్చేది ఎట్లాగూ సస్తా లే బంగారూ, నాకు వయసైపోయిండాది. నువ్వు ముట్టుకున్నా సస్తా, ముట్టుకోకున్నా సస్తా. మీ అమ్మను ఇన్నేండ్లు ముట్టుకోకపోతివి గదా, ఆమె బాగుండాదా? చూడు, ఎట్లయిపోయిందో" అంది. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను, ఎందుకంటే నేను ఎట్లయిపోయానో నాకు తెలుసు. కీర్తన బయటికి వెళ్ళిపోయింది. కుళాయి చప్పుడు వినిపించింది.

అయ్యగారు సరే అని కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తబోతే మా అమ్మ ఆపింది. "వద్దు అయ్యగారూ. చిన్నోళ్ళు పెట్టినాకే పెద్దోళ్ళు. నా మనవరాలు పెట్టేదాకా నా మీద ఎవరూ ప్రార్థన చెయ్యద్దండి. టీ తాగి పోండి" అంది. అయ్యగారు ఇక్కడే ఉన్నారు, అబద్ధమైతే చెప్పమనండి! ఊరికే అన్నదేమో అనుకున్నాం. ఊరికే కాదు. అక్కలు వస్తే టీ ఇప్పించి పంపించేది. నొప్పి ఎక్కువైనప్పుడు దుప్పటి నోట్లో కుక్కుకునేది తప్ప ప్రార్థన మాత్రం చేయించుకునేది కాదు. బతుకంతా ప్రార్థన మీద బతికిన మనిషి! ఇదేం మొండితనమమ్మా, దేవునితో పంతమా అని కోప్పడ్డాను. "దేవునితో కాదే, మీ పాప భయంతో" అంది. కీర్తనను మళ్ళీ పిలవలేదు, బతిమాలలేదు. చెయ్యి పెట్టమని ఒక్క మాట కూడా అనలేదు. దానితో చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ, గొర్రెలు మేపిన కతలు చెప్పుకుంటూ ఉండేది. పిల్ల రోజూ కాస్త దగ్గరగా కూర్చునేది, తలుపు దగ్గర నుంచి గోడ దగ్గరికి, గోడ దగ్గర నుంచి మంచం కాళ్ళ దగ్గరికి.

ఒక ఉదయం నేను వంటింట్లో ఉన్నాను. అమ్మకు ఆ రోజు నొప్పి మరీ ఎక్కువగా ఉంది, మూలుగుతోంది. మూలుగు ఆగింది. భయపడి పోయి చూశాను. కీర్తన మంచం పక్కన నిలబడి, రెండే రెండు వేళ్ళు మా అమ్మ జుట్టు మీద పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "యేసయ్యా, అవ్వ సావకూడదు. నేను చేతులు బాగా కడుక్కోనే వచ్చినా. అవ్వకు నొప్పి తగ్గించు. ఇంగ నాకు భయమైతాంది, ఆమేన్" అంది. నా జీవితంలో పెద్ద పెద్ద దైవసేవకుల ప్రార్థనలు విన్నాను, ఇంత బరువైన ప్రార్థన ఎక్కడా వినలేదు. మా అమ్మ కళ్ళు తెరవకుండా, కదలకుండా, ఊపిరి బిగబట్టినట్లు పడుకుంది, పిట్ట వచ్చి వాలితే మనం కదలకుండా ఉంటాం కదా, అట్లా.

నొప్పి ఆ క్షణాన మాయమైందని నేను చెప్పను. మెల్లగా తగ్గింది, మాత్రలతో తగ్గింది, అమ్మ కర్ర పట్టుకుని నడిచింది. కానీ ఆ రోజంతా పిల్ల మంచం పక్క నుంచి కదలలేదు, అవ్వ ఊపిరి తీసుకుంటోందా అని చూస్తూ కూర్చుంది. మరుసటి రోజు అవ్వ బతికే ఉంది. ఆ మరుసటి రోజు కూడా బతికే ఉండి, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. ఈసారి పిల్ల అరచెయ్యి మొత్తం పెట్టింది. హిందూపురం డాక్టరమ్మకు చెబితే చాలా సంతోషపడింది, భయపడే పనినే కొంచెం కొంచెంగా చేయించాలని తానూ అనుకుంటున్నానంది, మాత్రలు మాత్రం ఆపవద్దంది. సెలవులకు సెలవులకు పెనుకొండకు వచ్చాం. కీర్తన అవ్వ కాళ్ళు పట్టేది, అవ్వకు తల దువ్వేది. అవ్వను మాత్రమే, ఇంకెవరినీ కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను మా అమ్మను చూసి అసూయపడ్డాను. కన్నతల్లిని చూసి! పిల్ల ఆమె ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, ప్రభువా, కన్నది నేను కదా అని వంటింట్లో గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. చేసినందుకు కృతజ్ఞత చెప్పకుండా, ఇంకా ఎప్పుడు అని అడిగేదాన్ని. అలసిపోయిన మనసు అట్లాగే ఉంటుంది.

పోయిన చలికాలంలో మా అమ్మ పోయింది. మీరందరూ వచ్చారు, మోశారు, మట్టి వేశారు. జబ్బేమీ లేదు, పొద్దున కాఫీ తాగి, ఆయాసంగా ఉందని పడుకుని, లేవలేదు. ధర్మవరంలో ఫోను వచ్చినప్పుడు నాకు అమ్మ పోయిందన్న దుఃఖం కన్నా ముందు కీర్తన భయం పట్టుకుంది. ఆ వారమే ఈ పిల్ల అవ్వకు తల దువ్వి వచ్చింది. మళ్ళీ మొదటికే వచ్చిందిరా దేవుడా అనుకున్నాను. కారు మాట్లాడుకుని బయలుదేరాం. వెనక సీట్లో పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

ఇక్కడికి వచ్చాం. అమ్మను హాలులో పడుకోబెట్టారు. కీర్తన నేరుగా పోయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అందరూ ఏడుస్తున్నారు, అది ఏడవలేదు. అవ్వ నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది. ఆ ధర్మవరం అవ్వను చూడలేదు కదా, ముట్టుకోలేదు కదా, మూట కూడా కంటపడలేదు కదా, ఈ అవ్వ దగ్గర ఇద్దరవ్వలకూ కలిపి కూర్చుందేమో అనిపించింది నాకు. నేను గోడకు ఆనుకుని, పిల్ల ఇప్పుడు లేచి కుళాయి దగ్గరికి పోతుంది, ఇప్పుడు పోతుంది అని చూస్తున్నాను. లేచింది. కుళాయి దాటి నా దగ్గరికి వచ్చింది. "మా, అవ్వ నా వల్ల పోలేదు గదా? వయసై పాయె గదా?" అంది. అవును తల్లీ, వయసై పోయింది అన్నాను. "ఆ అవ్వ గూడా?" అంది. ఆ అవ్వ జబ్బుతో పోయిందమ్మా, నీ వల్ల కాదు, ఎప్పుడూ నీ వల్ల కాదు అన్నాను. ఆ పిల్ల తల ఊపి, ఆ చేతులతో, ఇంకా పూర్తిగా మానని ఆ గరుకు చేతులతో, నా మొహం రెండు వైపులా పట్టుకుని కన్నీళ్ళు తుడిచింది. "ఏడవాకు మా, నేనుండా గదా" అంది.

నా తల్లి చనిపోయిన ఇంట్లో నిలబడి నేను దేవుణ్ణి స్తుతించాను. ఏడుస్తూనే స్తుతించాను. మా ఇంటాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి మా ఇద్దరి పక్కన నిలబడ్డాడు, ఆయనకు కూడా పిల్ల ఒక చెయ్యి ఇచ్చింది.

ఇప్పటికీ మాత్రలు ఉన్నాయి, హిందూపురం బస్సు ఉంది. పరీక్షలు వస్తే చేతులు కడగడం కాస్త ఎక్కువవుతుంది, మళ్ళీ తగ్గుతుంది. నా బిడ్డ ఈ మందిరంలోనే కూర్చుని ఉంది, ముందుకు పిలవమని అడగకండి, సాక్ష్యం నాది, దాని చేతులు దానివి. మీ ఇండ్లలో కూడా కరోనా తరువాత మాట తగ్గిన పిల్లలు ఉండవచ్చు, ఊరికే కోపం వచ్చే పిల్లలు, బడి అంటే కడుపునొప్పి వచ్చే పిల్లలు. వాళ్ళను తిట్టకండి, భూతవైద్యానికి తీసుకుపోకండి. పక్కన కూర్చోండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి పోండి.

అడిగి అడిగి అలసిపోయినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే నేను మీ మనిషినే. గొప్ప విశ్వాసం ఉన్నవాళ్ళ మాట దేవుడు వింటాడో లేదో వాళ్ళు చెబుతారు, నేనింక అడగను అని తలుపు వేసుకున్న నన్ను ఆయన వదలలేదని మాత్రం నేను చెప్పగలను. ఆయనను నమ్మండి. గట్టిగా నమ్మలేకపోతే నాలాగా అలసిపోయే నమ్మండి, ఆయనకు అది చాలు. ఈ బిడ్డను మాకు తిరిగి ఇచ్చిన దేవునికే మహిమ. ఈ ఉదయం మందిరానికి బయలుదేరే ముందు నా బిడ్డ నన్ను కూర్చోబెట్టి, నూనె రాసి, నా తల దువ్వింది.